బారోలెండీయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి మనవాడు, మెదక్ సీమవాడు. కాళిదాస కావ్యాలకు సంజీవని రాయబోతూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందుగానే ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు ఈ టీకాకారుడు కూడా పెట్టుకోగలడు. ఆధారం ఫోనులో భద్రంగా ఉంది, ఉదయం 8.12 అన్న ముద్రతో సహా. రెండో ఒట్టు దగ్గరే చిక్కు. అక్కర్లేనిది వదిలేస్తే ఇందులో మిగిలేది ఒక నిచ్చెన. అది ప్రస్తుతం ఇంట్లో లేదు.

సంక్రాంతి ముందు వారం. ఇంటింటా బూజులు దులిపే రోజులు. మా ఇంట్లో ఆరు మెట్ల అల్యూమినియం నిచ్చెన ఉందన్న సంగతి వాచ్‌మన్ ద్వారా అన్ని అంతస్తులకూ తెలిసిపోయింది. బుధవారం పొద్దున్న 302 వారి దగ్గర్నుంచి 104 వారికి, అంటే నాకు, వాట్సాప్‌లో రెండు వాక్యాల గ్రంథం ఒకటి వచ్చింది. ఒక పంది మీద కిరాతుడికీ అర్జునుడికీ తగువొస్తే భారవి కావ్యం కిరాతార్జునీయమైంది. ఒక నిచ్చెన మీద బారో అనే క్రియకూ లెండ్ అనే క్రియకూ తగువొచ్చింది కనక ఇది బారోలెండీయం.

మూలం

"డియర్ సర్, కైండ్లీ బారో మి యువర్ ల్యాడర్. ఐ విల్ లెండ్ ఇట్ బ్యాక్ ఆన్ సండే."

పాఠాంతరం

దీనికి ముందు ఇంకో పాఠం ఉండేది. ఈ సందేశం తొలగించబడింది అన్న ముక్క మాత్రమే ఇప్పుడు లభ్యం. తాళపత్రాలను చెదలు తిన్నా అంచులైనా మిగిలేవి. పరిష్కర్తలకు ఇలాంటి నష్టం పూర్వం ఎప్పుడూ జరగలేదు. తొలగించిన పాఠంలో క్రియలు సరిగ్గా ఉండి, సరిచేసుకున్న పాఠంలో తారుమారయ్యాయేమోనని నాకో అనుమానం. మనలో చాలామంది ఇంగ్లీషు మొదటిసారి రాసినప్పుడు బాగానే ఉంటుంది.

ప్రతిపదార్థం

డియర్ సర్ = ప్రియమైన అయ్యా (మామూలు రోజుల్లో ఇదే నోటితో "ఏమండీ" అంటారు కనక, "సర్" పడిందంటే ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు బయటకు పోనుందని ధ్వని); కైండ్లీ = దయతో; బారో = తిరిగి ఇచ్చే ఒప్పందం మీద పుచ్చుకొనుము; మి = నన్ను, లేక నాకు, లేక నా కొరకు (ఈ మూడింటి సంగతీ ముందు తేలుతుంది); యువర్ ల్యాడర్ = మీ నిచ్చెనను; ఐ = నేను; విల్ లెండ్ = తిరిగి పుచ్చుకొనే ఒప్పందం మీద ఇచ్చెదను; ఇట్ = దానిని; బ్యాక్ = వెనుకకు; ఆన్ సండే = ఆదివారమునాడు (ఏ ఆదివారమో మూలకర్త చెప్పలేదు; ఇది గమనించదగినది).

అన్వయం

మొదటి వాక్యానికి మూడు అన్వయాలు కుదురుతున్నాయి.

"నన్ను పుచ్చుకొనుము" అన్నది మొదటిది. అంటే 302 వారే నిచ్చెనతో కలిసి నాకు అరువుగా వచ్చేస్తారు. ఇల్లు చిన్నది, ఈ అర్థం వదిలేద్దాం.

రెండోది ఇంగ్లీషు వ్యాకరణానికి నిజంగా దగ్గరైనది. బై మి అంటే నాకోసం కొను అని అర్థమొచ్చినట్టు, బారో మి అంటే నాకోసం నువ్వు వెళ్లి ఎవరి దగ్గరో అరువు తీసుకురా అని. ఆ ప్రకారం, నా నిచ్చెనను నేనే ఎవరి దగ్గర్నుంచో బతిమాలి తెచ్చి వారికి సమర్పించాలి. ఎవరి దగ్గర్నుంచి అన్నది మళ్లీ చెప్పలేదు. నిచ్చెన నాదే కనక బహుశా నా దగ్గర్నుంచే.

మూడోది వారి మనసులో ఉన్నది: మీ నిచ్చెన నాకు ఇవ్వండి. దీనికి కావలసిన క్రియ లెండ్. అది రెండో వాక్యంలో పడి ఉంది. మొదటి వాక్యంలో ఉండాల్సిన క్రియ రెండో దాంట్లోకి పోతే, రెండో వాక్యం తన చోటుకి కుదిరిందా అంటే అదీ లేదు. అసలు భయపెట్టేది ఆ రెండో వాక్యమే.

"ఆదివారం నాడు దానిని నీకు తిరిగి అరువిచ్చెదను" అంటున్నారు వారు. లెండ్ చేసేవాడు యజమాని. అంటే బుధవారం నుంచి నిచ్చెన 302 వారిదైపోతుంది. ఆదివారం నాడు వారు దయతలచి నా నిచ్చెన నాకు అరువిస్తారు. పెద్దమనిషిని కనక సోమవారం పొద్దున్నే నేను మెట్లెక్కి తిరిగి ఇచ్చి రావాలి. రెండంతస్తులు. లిఫ్టులో ఆ నిచ్చెన పట్టదు.

వ్యాకరణం

ఇచ్చిపుచ్చుకోవడం అన్నది ఒకటే పని. చేతులు నాలుగు, వస్తువు ఒకటి. ఇచ్చే చేతుల వైపు నిలబడి చూస్తే ఇంగ్లీషువాడికి అది లెండ్, పుచ్చుకునే చేతుల వైపు నుంచి చూస్తే బారో. దిక్కు క్రియలోనే ఇమిడిపోయింది. తెలుగు అలా చెయ్యలేదు. అప్పు అనే నామవాచకం ఒకటి మధ్యలో నిలబెట్టి, దానికి అటు ఇచ్చు, ఇటు పుచ్చుకొను తగిలించింది. నామవాచకం కదలదు, తోక మాత్రం తిరుగుతుంది. ఆ తోకలో కొను అనేది ఉందే, అది మన భాషకున్న గొప్ప సదుపాయం. తెచ్చుకొను, తీసుకొను, అడుక్కొను, ఉంచుకొను. ఫలం ఎవరి వైపు వాలుతుందో కొను చెప్పేస్తుంది. ఉంచుకొను అన్నది ఈ వ్యాఖ్య చివర మళ్లీ అక్కరకొస్తుంది.

తెలుగువాడు ఇంగ్లీషులోకి దిగగానే ఈ తోక ఊడిపోతుంది. అప్పుకి ఇంగ్లీషు ఏమిటని బుర్ర వెతుక్కుంటుంది. బారో అని ఒకటి దొరుకుతుంది. దానికి ఇవ్వండి అన్న అర్థం తగిలించాలి, తగిలించడానికి చోటు లేదు. అందుకని మి అని పక్కన పెట్టి ఊరుకుంటాడు. ఇది 302 వారి తెలివితక్కువ కాదు. అమ్మడం, కొనడం దగ్గర మనవాళ్లెవరూ పొరబడరు, చూడండి. సెల్ మి టూ కేజీస్ అనాల్సిన చోట బై మి అన్నవాడిని నేను ఇంతవరకూ వినలేదు. ఎందుకంటే అక్కడ తెలుగులోనే రెండు వేరు క్రియలున్నాయి. ఎక్కడ మన భాష ఒక్క మాటతో సరిపెట్టుకుందో అక్కడే పరాయి భాషలో కాలు జారుతుంది.

ఇందులో మనం ఒంటరివాళ్లమూ కాదు. జర్మన్ వాళ్లకు లైహెన్ అనే ఒక్క క్రియ ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ సరిపోతుంది. బారోకి స్వయానా దాయాది అయిన బోర్గెన్ కూడా వాళ్ల దగ్గర అటూ ఇటూ పనిచేస్తుంది. స్వీడన్ వాళ్ల లోనా అంతే. అమెరికాలో జర్మన్లూ స్కాండినేవియా వాళ్లూ వెళ్లి స్థిరపడ్డ మిన్నెసోటా, విస్కాన్సిన్ ప్రాంతాల్లో పుట్టు ఇంగ్లీషువాళ్ల నోట కూడా బారో మి వినబడుతుంది. కనక 302 వారి ప్రయోగానికి శిష్టుల్లో కాకపోయినా చలిదేశపు రైతుల్లో ఉపపత్తి ఉంది.

ఇంగ్లీషువాడు కూడా ఈ విషయంలో తానేదో కడిగిన ముత్యంలా మాట్లాడటానికి లేదు. రెంట్ అన్న క్రియ తీసుకోండి. ఇంటాయన ఇల్లు రెంట్ చేస్తాడు, అద్దెకుండేవాడూ అదే ఇల్లు రెంట్ చేస్తాడు. ఎవరు ఎవరికి డబ్బిస్తున్నారో క్రియ చెప్పదు, నెల మొదటి తారీఖు చెబుతుంది. మన ఊళ్లలో గేటుకి వేలాడే టు-లెట్ పలక ఆ గందరగోళం నుంచి బయటపడటానికి వచ్చిందేమోనని నా ఊహ. మనం మాత్రం "అద్దెకు ఇవ్వబడును" అని తోకతో సహా శుభ్రంగా రాసుకుంటాం.

వ్యుత్పత్తి

బారో పూర్వాశ్రమంలో బోర్గ్ అన్న పాత ఇంగ్లీషు మాట. హామీ, జామీను అని అర్థం. అంటే ఆ రోజుల్లో ఏదో ఒకటి జామీను పెట్టనిదే బారో అన్న మాట నోట రానిచ్చేవాళ్లు కాదు. నిచ్చెనకు బదులుగా 302 వారి గ్యాసు సిలిండరు మా వరండాలో ఉండాల్సింది.

లెండ్ కథ ఇంకా విచిత్రం. దాని చివరి ద-కారం దానిది కాదు. పాత రూపం లేనన్. భూతకాలంలో వచ్చే ద-కారాన్ని వర్తమానం ఎప్పుడో తెచ్చుకుని ఇక తిరిగివ్వలేదు. ఆ పక్కనే ఉన్న లోన్ స్కాండినేవియా వాళ్ల భాష నుంచి వచ్చింది. అంటే అప్పు అన్న మాటే ఇంగ్లీషులో అప్పు తెచ్చుకున్న మాట. ఇంతకన్నా చిత్తశుద్ధి గల పదం ఏ భాషలోనూ ఉండదు.

మన శాస్త్రం

పాణిని ఈ వ్యవహారం మీద గట్టి చూపే పెట్టాడు. ఋణమిచ్చేవాడు ఉత్తమర్ణుడు, పుచ్చుకున్నవాడు అధమర్ణుడు. పేరులోనే ఎవరెక్కడ కూర్చోవాలో తేలిపోయింది. బాకీ ఉండు అన్న అర్థంలో క్రియ వస్తే ఉత్తమర్ణుడికి సంప్రదాన కారకం పెట్టమని సూత్రం. వ్యాకర్తల ఉదాహరణల్లో దేవదత్తుడికి నూరు బాకీ ఎప్పుడూ ఉంటుంది. అది ఇన్ని శతాబ్దాలుగా ఎవరూ తీర్చలేదు.

అయితే అదే పాణిని, పదిచ్చి పదకొండు గుంజేవాడికి దశైకాదశికుడని ఒక పేరు సాధించి, దాన్ని నిందార్థంలో పెట్టాడు. కనక ఉత్తముడన్నది వడ్డీ మొదలయ్యేదాకానే. మన సుమతీ శతకకర్త మాత్రం కాపురానికి తగిన ఊరికి ఏమేం ఉండాలో చెబుతూ అప్పిచ్చేవాడిని మొట్టమొదట పెట్టాడు, వైద్యుడు ఆ తరవాతే. ఆ జాబితాలో అప్పు పుచ్చుకునేవాడు లేడు. లేకపోవడమేమిటి, ఆ పద్యం చెబుతున్నది ఎవరికి? కర్త చెప్పకపోయినా వాక్యం నడవడం తెలుగుకు అలవాటే.

పూర్వపక్షం

ఇక్కడ మా ఆవిడ ఆక్షేపణ. "నిచ్చెన కావాలన్నారు, వెళ్లి ఇచ్చి రావచ్చుగా. దానికింత రాద్ధాంతం ఏమిటండీ? మొన్న వాళ్లావిడ పంచదార బదులు అడిగితే నేనేమైనా వ్యాఖ్యానం రాశానా?"

సమాధానం చెప్పాలి. ఎందుకంటే ఆవిడ తెలియకుండానే అసలు మాట అనేసింది. పంచదార బదులు అడిగారు, నిచ్చెన బదులు అడగలేదు. అడగరు కూడా.

తెలుగుకి దిక్కు ముఖ్యం కాదు కానీ, వెనక్కొచ్చేది ఏమిటన్నది చాలా ముఖ్యం. గ్లాసుడు పంచదార ఇస్తే ఆ పంచదార తిరిగి రాదు, అది పాయసంలో కలిసిపోయింది. అంత కొలతకు వేరే పంచదార వస్తుంది. అది బదులు. ఒకదానికి బదులు ఒకటి, పేరులోనే ఉంది. వడ్డీ లేకుండా చేతిలోంచి చేతిలోకి నాలుగు రోజులకు డబ్బు మారితే చేబదులు. నోటు అదే రానక్కర్లేదు, విలువ వస్తే చాలు. కాయితం రాసి, వడ్డీ పెట్టుకుంటే అప్పు. కొట్లో సరుకు పట్టుకెళ్లి ఖాతాలో రాయిస్తే కోస్తాలో అరువు, తెలంగాణలో ఉద్దెర. ఋణానికి అమరకోశం చెప్పిన పర్యాయపదాల్లో ఉద్ధారం ఒకటి, ఆ ఉద్ధారమే మన కిరాణా కొట్టు ముందు నిలబడి ఉద్దెర అయింది. "అప్పు రేపు" అన్న అట్టముక్క వేలాడదీసిన కొట్టువాడికి ఎవర్ని ఉద్ధరించాలో, ఎప్పుడు ఉద్ధరించాలో బాగా తెలుసు.

మరి నిచ్చెన? ఆ నిచ్చెనే తిరిగి రావాలి. అలాంటిదే ఇంకో నిచ్చెన వస్తే కుదరదు. నగ, చీర, పందిరి గుంజలు, పెళ్లికి తెచ్చుకున్న గుండిగ, వీటన్నిటికీ పాతవాళ్లు ఒక మాట ఉంచారు. నిఘంటువుల్లో ఎరవు, జనం నోట ఎరువు. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. తమిళంలో దీని తోబుట్టువు ఇరవల్. పొలంలో చల్లే ఎరువుతో కలిసిపోయి ఈ ఎరువు ఇప్పుడు మరుగున పడింది. ఎవరైనా ఫోను చేసి "ఎరువు ఇస్తారా" అంటే యూరియా అనుకునే రోజులు. సంస్కృతంలో దీన్ని యాచితకం అన్నారు, యాచించి తెచ్చుకున్నది అని. రోమన్ న్యాయశాస్త్రం కూడా ఈ తేడా పట్టుకుంది. వాడుకుని అదే వస్తువు తిరిగిచ్చేది కొమొడాటం, ఖర్చు పెట్టేసుకుని అంతకు అంత ఇచ్చేది మ్యూచువం, రెండూ వేరు ఒప్పందాలు.

ఇంగ్లీషు క్రియలకు ఈ తేడా పట్టదు. పక్కింట్లో కప్పు పంచదార తెచ్చుకున్నా బారోనే, నిచ్చెన తెచ్చుకున్నా బారోనే. నా నిచ్చెనని పాయసంలో కలిపేసుకుని వేరే నిచ్చెన ఇచ్చినా ఆ క్రియకు అభ్యంతరం లేదు. ఇటు దిక్కు చూసేవాడికి వస్తువు కనిపించదు, వస్తువు చూసేవాడికి దిక్కు కనిపించదు. 302 వారు మన కళ్లతో వాళ్ల దిక్కు వెతికారు, అంతే.

మా ఆవిడ ఒప్పుకోలేదు. బదుల్లో ఆవిడకు ఆవిడ శాస్త్రం ఉంది. దీపాలు పెట్టాక ఉప్పు, నూనె, సూది గడప దాటకూడదు. శుక్రవారం డబ్బు బయటకివ్వకూడదు. ఉప్పు చేతికి అందించకూడదు, కింద పెడితే తీసుకోవాలి. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. గోపురంగా ఇచ్చిన గ్లాసు చదునుగా తిరిగొస్తే నోరెత్తకూడదు కానీ గుర్తు పెట్టుకోవాలి. గమనించారా, ఈ నియమాల్లో చాలావరకు లెండ్ మీదే. బారోకి వారం వర్జ్యం లేవు.

సిద్ధాంతం

ఇంతకీ 302 వారు తెలుగులో అడిగి ఉంటే ఏమనేవారు? అప్పివ్వండి అనరు, నిచ్చెనకు అది మరీ బరువు. ఎరువివ్వండి అనరు, ఆ మాట పోయింది. బదులివ్వండి అనరు, మా ఆవిడ ఊరుకోదు. నేను నాలుగు రోజులు చెవులు రిక్కించి లిఫ్టు దగ్గర, గేటు దగ్గర, జిరాక్సు కొట్టు దగ్గర విన్నాను. అందరూ అనేది ఒక్కటే మాట.

"ఓసారి నిచ్చెన ఇస్తారా?"

ఓసారి పెన్నివ్వండి. ఓసారి మీ బండి తాళం ఇస్తారా. ఒకసారి ఆ పేపరు ఇటివ్వండి. జర ఒకసారి ఫోనియ్యన్నా.

లెండ్‌కి తెలుగు ఇదీ. ఇచ్చు అన్న క్రియ ముందు ఓసారి. "పెన్నివ్వండి" అంటే పెన్ను పోయినట్టే. "ఓసారి పెన్నివ్వండి" అంటే ఇచ్చేది ఒక్కసారే, ఆ సారి అయిపోగానే వెనక్కొస్తుందని మాట లోపల ఒట్టు ఉంది. బారోకి ఓసారి తీసుకొను. "ఓసారి తీసుకుంటానండీ" అని చెప్పి పేపరు పట్టుకెళ్లేవాడు అదే. తిరిగివ్వడం అన్న భారాన్నంతా ఇంగ్లీషు క్రియ ధాతువులోకి ఎక్కించింది. మనం ఆ భారాన్ని మూడక్షరాల క్రియావిశేషణం నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాం. ఏ నిఘంటువులోనూ ఓసారికి ఈ అర్థం నాకు కనబడలేదు. ఏ పసివాడికీ నేర్పాల్సిన పనీ లేదు.

కనక 302 వారి తప్పు బారో దగ్గర లేదు. వారి మనసులో మెదిలిన వాక్యం ఓసారి మీ నిచ్చెన ఇవ్వండి. అందులో ఓసారికి ఇంగ్లీషు మాట కావలసి వచ్చింది. వన్స్ అని పెడితే బాగుండదని ఇంగితం చెప్పింది. ఆ ఖాళీలో తిరిగిచ్చే వాసన ఉన్న మాట ఏది దొరికితే అది పెట్టారు. ఇవ్వండి అన్నది మి-లోకి పోయింది. దీన్ని మూర్ఖత్వమనేవాడు ఓసారికి ఒక్క మాటలో ఇంగ్లీషు చెప్పి తరవాత మాట్లాడాలి.

విశేషాలు

బారో మనకు మొదట తారసపడేది ఇంగ్లీషు క్లాసులో కాదు, లెక్కల క్లాసులో. యాభైమూడులోంచి ఇరవయ్యేడు తీసెయ్యాలి. మూడులోంచి ఏడు పోదు. "పక్కన ఐదుని ఒకటి అప్పడగరా" అంటారు మాస్టారు. ఐదు మారుమాటాడకుండా ఇచ్చి నాలుగై కూర్చుంటుంది. పదమూడులోంచి ఏడు పోతే ఆరు, నాలుగులోంచి రెండు పోతే రెండు, జవాబు 26. లెక్క అయిపోయింది, గంట కొట్టారు. ఐదు దగ్గర తెచ్చుకున్న ఒకటి ఎవరు తిరిగిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అప్పు తీర్చకపోయినా జవాబు సరిగ్గానే వస్తుందని మూడో తరగతిలో నేర్చుకున్న జాతి మనది. ఇంగ్లండు బళ్లలో ఇంకో పద్ధతి నేర్పేవాళ్లు. మూడుకి పది కలిపి, అందుకు పరిహారంగా కింద ఇరవయ్యేడులోని రెండుని మూడు చేస్తారు. అరువు తెచ్చి తిరిగి కట్టే పద్ధతి అనే దానికి పేరు. తిరిగి కట్టడమైతే ఉంది కానీ, పైవాడికి వచ్చినది కిందవాడికి కడుతున్నారు. ఇప్పటి పర్సనల్ లోన్లు ఈ పద్ధతిలోనే తిరుగుతున్నాయని నాకు నమ్మకం.

మా అబ్బాయి మాధాపూర్‌లో సాఫ్ట్‌వేరు పని చేస్తాడు. పండక్కొచ్చినప్పుడు ఈ వ్యాఖ్య చూపిస్తే నవ్వి, "నాన్నా, రస్ట్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది, అందులో బారో చెకర్ ఉంటుంది" అన్నాడు. 2015లో దాని తొలి స్థిర రూపం వచ్చిందట. అందులో ప్రతి విలువకూ ఒకడే యజమాని. ఊరికే చూసి పోయేవాళ్లకు ఎందరికైనా ఒకేసారి అరువియ్యొచ్చు. మార్చేవాడికి ఇస్తే మాత్రం ఒక్కడికే, వాడు తిరిగిచ్చేదాకా ఇంకెవరూ తొంగి చూడటానికి కూడా లేదు. అరువుకి పోయినది యజమాని ఆయుష్షు దాటి బతకడానికి వీల్లేదు. ఈ నియమం తప్పితే ప్రోగ్రామే తయారు కాదు, ముందే తప్పని చెప్పి ఆపేస్తుంది. "మన అపార్ట్‌మెంటుకి అది పెట్టించలేమా?" అని అడిగాను. "పెట్టిస్తే ఎవరింట్లోనూ ఏదీ కదలదు నాన్నా" అన్నాడు. నిచ్చెన విషయంలో ఆ రెండో నియమం బాగా కుదురుతుంది. గోడకానించిన నిచ్చెనను ఎంతమందైనా చూడొచ్చు, ఎక్కేవాడు మటుకు ఒక్కడే.

భాషలకు భాషలు ఇచ్చేది లెండా, బారోనా అన్నది ఇంకో తగువు. ఇచ్చిన భాషకు తానిచ్చినట్టు తెలియదు, ఇచ్చాక తన దగ్గర తరగదు, పుచ్చుకున్న భాష తిరిగివ్వదు. ఇలాంటి లావాదేవీకి అప్పు అని పేరు పెట్టిన శాస్త్రజ్ఞులెవరో వాళ్ల దగ్గర నేను నాలుగు వస్తువులు అప్పు తీసుకోవాలనుకుంటున్నాను. బస్సు, బ్యాంకు, బిల్లు మనం తెచ్చుకున్నాం, సరే. మనం ఇచ్చింది కూడా ఉంది. మన పందికొక్కు సీమకు పోయి బ్యాండికూట్ అయింది. అక్కడితో ఆగక ఆస్ట్రేలియాలో ఈ పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని, కడుపు సంచిలో పిల్లలను మోసే జంతువు మీదికి ఎక్కింది. ఎరువుకి పోయిన వస్తువు మూడో ఇంట్లో తేలడమంటే ఇదే. ద్రావిడ భాషలు ఆర్య భాషల దగ్గర తెచ్చుకున్న మాటల మీద 1962లో ఒక పుస్తకం వచ్చింది. రాసినవాళ్లు ఎమెనో, బరో. బారోయింగ్స్ మీద పుస్తకానికి బరోగారు దొరకడం ఈ శాస్త్రంలో జరిగిన ఒకే ఒక్క శ్లేష.

అలంకారం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సీజర్ శవం పక్కన నిలబడి షేక్‌స్పియర్ ఆంటొనీ రోము జనాన్ని చెవులు లెండ్ చెయ్యమన్నాడు. ఉపన్యాసం అయ్యాక కుట్రదారుల ఇళ్లు తగలబెట్టడానికి పోయారు కనక ఎవరి చెవులు వారికి చేరాయో లేదో తెలియదు. అదే కవి హామ్లెట్‌లో పొలోనియస్ అనే పెద్దాయన ఊరెళ్తున్న కొడుక్కి ఈ రెండు క్రియలకూ దూరంగా ఉండమని బుద్ధి చెప్పాడు. ఆయన ఎప్పుడూ అపార్ట్‌మెంటులో ఉండలేదు. ఇక కన్యాశుల్కంలో గిరీశం పూటకూళ్లమ్మ దగ్గర సరుకుల కోసమని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేరే దారిలో ఖర్చు పెట్టినదానికి బారో సరిపోదు, లెండ్ సరిపోదు. వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పిన మనిషి కనక ఆయన దగ్గర దానికి మాట ఉండే ఉంటుంది.

తాత్పర్యం

అయ్యా, బూజు దులుపుకోవడానికి ఓసారి మీ నిచ్చెన ఇవ్వండి, ఆదివారం తెచ్చిచ్చేస్తాను.

ఇంతే. బుధవారం పొద్దున్న ఈపాటి అర్థం తేల్చుకునేసరికే గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మా ఆవిడ నిచ్చెన వాచ్‌మన్‌తో పైకి పంపేసింది. నేను జవాబుగా ఏ క్రియ వాడాలా అని తర్జనభర్జన పడి, లెండ్ అంటే తప్పు దిద్దినట్టుంటుందనీ, బారో అంటే తప్పులో పాలుపంచుకున్నట్టుంటుందనీ, చివరికి బొటనవేలు బొమ్మ పెట్టాను.

ఆదివారం వచ్చి వెళ్లింది. భోగి వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది. కనుమ నాడు మా వంటింటి దీపం బల్బు మాడిపోతే కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కాను. ఆ మర్నాడు ఉదయం సరిగ్గా 8.12కి రెండో గ్రంథం వచ్చింది.

"సర్, కెన్ ఐ కీప్ ది ల్యాడర్ అంటిల్ ఉగాది?"

కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాను. కెన్ ఉండాల్సిన చోట ఉంది. కీప్ అంటే ఉంచుకొను, తోకతో సహా సరిపోయింది. ది కూడా మరిచిపోలేదు. టిల్ అని తేల్చెయ్యకుండా అంటిల్ అన్నారు, చివర ప్రశ్నార్థకం పెట్టారు. ఒక్క దోషం దొరకలేదు.